గేర్ బాక్స్ పోయిందని తేల్చే ముందు

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. రెండేళ్ల కిందట బెంగళూరులో సెకండ్‌హ్యాండ్‌లో ఇసుజు వి-క్రాస్ ఆటోమేటిక్ పికప్ తీసుకున్నాను. 2019 మోడల్. ఇప్పటికి లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేసి 'డి'లో వేస్తే ఒకట్రెండు సెకన్లు ఆలోచించి దబ్బుమని పడుతుంది. రెండు నుంచి మూడో గేర్‌కు మారేటప్పుడు జర్క్ కొడుతుంది. డెబ్బై స్పీడు దగ్గర సన్నగా వణుకు. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) వేసుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గానీ బండి లాగదు, తర్వాత ఒక్కసారిగా గేర్ పడుతుంది. చెక్ ఇంజిన్ లైట్ వచ్చి పోతోంది. కడపలో ఒక మెకానిక్ ఒక రౌండు నడిపి చూసి గేర్ బాక్స్ పోయింది, సెకండ్‌హ్యాండ్ బాక్స్ వేసేద్దాం అన్నాడు. ఇంకొకాయన ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్ వస్తుంది, దాన్ని ముట్టుకుంటే ఉన్నది కూడా పోతుంది అన్నాడు. బండికి గేర్ ఆయిల్ చూసే డిప్‌స్టిక్ కూడా లేదు. ఏం చేయమంటారు? అమ్మేయమంటారా?
– మైదుకూరు పాఠకుడు

సమాధానం: ఇప్పుడే అమ్మొద్దు. సెకండ్‌హ్యాండ్ బాక్స్‌కు అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు. మీ గేర్ బాక్స్ పోయి ఉండొచ్చు, పోకపోయి ఉండొచ్చు. ఆ మాట చెప్పడానికి ఆ మెకానిక్ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్లు చదివే పరికరం) పెట్టినట్టు గానీ, ఆయిల్ చూసినట్టు గానీ, బండి కింద దూరి షాఫ్ట్ తిప్పి చూసినట్టు గానీ మీ ఉత్తరంలో లేదు. ఒక రౌండు నడిపితే జర్క్ ఉందని తెలుస్తుంది. ఎందుకుందో తెలియదు.

మిగతా సంగతులకు ముందు ఒక పని ఈరోజే చేయండి. లోడు ఆపేయండి. మీరు రాసిన నాలుగు లక్షణాల్లో నన్ను టెన్షన్ పెట్టింది ఘాట్ మీద జరుగుతున్నదే. ఇంజిన్ ఆర్‌పీఎం లేచి బండి లాగకపోవడమంటే గేర్ బాక్స్ లోపల క్లచ్ ప్లేట్లు జారుతున్నాయని అర్థం. ఆటోమేటిక్‌కు క్లచ్ పెడల్ లేదు గానీ లోపల క్లచ్ ప్లేట్ల కట్టలు చాలానే ఉంటాయి. ఒక్కో గేర్‌కు ఒక్కో జత పట్టుకుంటుంది, ఇంకోటి వదిలేస్తుంది. జారిన ప్రతిసారీ ఆ ప్లేట్ల మీది లైనింగ్ కొంత కాలిపోతుంది. ఖాళీ బండితో నెమ్మదిగా నడిపితే ఇంకా బతికించుకోగలిగిన బాక్స్ నాలుగు లోడ్ల ఘాట్‌తో నిజంగానే పోతుంది. సంగతి తేలేదాకా ఎర్రగడ్డలకు వేరే బండి మాట్లాడుకోండి.

ఇక బాక్స్ సంగతి. ఇంజిన్‌కు, గేర్లకు మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ఆయిల్ ద్వారానే ఇంజిన్ శక్తి గేర్లకు చేరుతుంది. ఏ క్లచ్ ఎప్పుడు పట్టాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఆ మాటను సొలినాయిడ్లు అనే చిన్న కరెంటు వాల్వులు వింటాయి. అవి తెరిచి మూసినప్పుడు ఆయిల్ ప్రెషర్ వెళ్లి క్లచ్ ప్లేట్లను నొక్కుతుంది. అంటే శక్తిని మోసేది ఆయిలే, ప్లేట్లను నొక్కేది ఆయిలే, వేడిని బయటికి తెచ్చేదీ ఆయిలే. అందుకే ఆయిల్ తగ్గినా, పాడైనా, రకం మారినా బాక్స్ మొత్తం పోయినట్టే ప్రవర్తిస్తుంది. మీరు రాసిన ఆ నాలుగు లక్షణాలూ ఆయిల్ ఒక్కదానివల్ల కూడా రావచ్చు. రెండేళ్లలో మీరు మార్చినట్టు రాయలేదు. అంతకుముందు యజమాని మార్చాడన్న కాగితం ఏదైనా మీ దగ్గర ఉంటే ఉత్తరంలో రాసేవారు.

అయితే ఆయిల్ దాకా వెళ్లే ముందు, డబ్బు ఖర్చు లేకుండా మీ ఇంటి ముందే చూసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. 'డి'లో వేయగానే వచ్చే దబ్బు శబ్దం చాలాసార్లు గేర్ బాక్స్‌ది కాదు, దాని వెనక వేలాడే సామానుది. బండిని సమంగా ఉన్న చోట ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచండి. కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే పొడవాటి కడ్డీని) రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. క్రాస్ (షాఫ్ట్ చివర ఉండే కీలు) దగ్గర టక్ టక్ మని ఆట కనిపిస్తే అక్కడే సగం జబ్బు తెలిసినట్టు. క్రాస్ కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే లోపల గ్రీజు అయిపోయి సూది బేరింగులు నలుగుతున్నాయన్నమాట. సెంటర్ బేరింగ్ రబ్బరు చినిగిందేమో, షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జారే గాళ్ల భాగం, అంటే స్ప్లైన్, పొడిగా ఉందేమో కూడా అప్పుడే చూడండి. బండి ఆగీ ఆగంగానే వెనక నుంచి ఒక తోపు వచ్చినట్టు ఉంటే చాలాసార్లు ఆ స్ప్లైన్‌లో గ్రీజు లేకపోవడమే కారణం. గ్రీజు గన్‌తో పోయే జబ్బుకు గేర్ బాక్స్ దింపిన బండ్లు ఉన్నాయి.

ఇంజిన్, గేర్ బాక్స్ మౌంటింగులు (వాటిని ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు) కూడా అలాగే. బానెట్ తెరిచి, ఇంట్లో బండి నడపడం వచ్చినవాళ్లను సీటులో కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కమనండి, హ్యాండ్‌బ్రేక్ కూడా వేయమనండి. తర్వాత న్యూట్రల్ నుంచి 'డి'కి, మళ్లీ న్యూట్రల్‌కు, అక్కడినుంచి రివర్స్‌కు మార్చమనండి. మీరు బండికి పక్కన నిలబడాలి. ముందు గానీ వెనక గానీ నిలబడొద్దు, ఎవర్నీ నిలబడనివ్వొద్దు. ఇంజిన్ కొద్దిగా ఊగడం సహజం. ఒక్కసారి ఎగిరి ఒరిగి దబ్బుమని కూర్చుంటే మౌంటింగ్ రబ్బరు విడిపోయిందన్నమాట. మన ఎండలకు, లక్షన్నర దాటిన బండికి ఇది మామూలే.

బ్యాటరీ చూపించారా? గేర్ బాక్స్ కంప్యూటర్‌కు కరెంటు సరిగ్గా అందకపోతే సొలినాయిడ్లు తికమకగా పనిచేస్తాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు పైన, స్టార్ట్ చేశాక సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే శుభ్రం చేయించండి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్తింగ్ తీగ వదులైందేమో చూడమనండి. టైర్లు కంపెనీ సైజు కన్నా పెద్దవి వేయించి ఉంటే, లేదా రెండు కొత్తవి రెండు అరిగినవి ఉంటే, కంప్యూటర్ లెక్కలు తప్పుతాయి. మీది ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ఇంకో మాట. పొలంలో 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ లాగే మోడ్) వేసి తారు రోడ్డు ఎక్కాక 2హెచ్‌కు (రెండు చక్రాలే లాగే మోడ్) మార్చకుండా నడిపితే మలుపుల్లో బండి బిగదీసినట్టు లాగుతుంది, గేర్లు కూడా గుద్దుతాయి. తారు మీద 4హెచ్ వద్దు.

తర్వాత స్కానర్. చెక్ ఇంజిన్ లైట్ వచ్చి పోతోందని రాశారు గదా, అది మీకు మంచి వార్త. లైట్ ఆరిపోయినా కోడ్ చాలాసార్లు మెమరీలో ఉండిపోతుంది. ఇంజిన్‌కే కాదు, ట్రాన్స్‌మిషన్ (గేర్ బాక్స్) కంప్యూటర్‌లోకి కూడా వెళ్లి చదవగల స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి. కోడ్లను చెరిపేసే ముందు కాగితం మీద రాయించుకోండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పి0700 అని వస్తే దానికదే జబ్బు కాదు, ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉంది, అక్కడ చూడమని చెప్పడం మాత్రమే. పి0715 గానీ పి0720 గానీ వస్తే స్పీడ్ సెన్సార్ల వైపు, వాటి వైర్ల వైపు చూడాలి. ఆ సెన్సార్ తప్పు చెబితే గేర్లు గుద్దడం ఖాయం, దాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు. పి0218 వస్తే ఆయిల్ మితిమీరి వేడెక్కిందని. మీ ఘాట్ ప్రయాణాలను బట్టి ఇది కనిపిస్తే నేను ఆశ్చర్యపోను. పి0730 అంటే వేసిన గేర్‌కు, తిరుగుతున్న వేగానికి లెక్క కుదరడం లేదని, అంటే జారుతోందని. పి0741 కన్వర్టర్ లాకప్ క్లచ్‌కు సంబంధించింది. పి0750 నుంచి మొదలయ్యే వరుసలో షిఫ్ట్ సొలినాయిడ్ల కోడ్లు వస్తాయి. సొలినాయిడ్ కోడ్ వచ్చినంత మాత్రాన సొలినాయిడే పోయిందనుకోవద్దు. దాని కనెక్టర్‌లోకి నీళ్లో ఆయిలో చేరినా అదే కోడ్ వస్తుంది. సామాను మార్చే ముందు కనెక్టర్ విప్పి చూడమనండి.

డెబ్బై దగ్గరి వణుకును మీరే ఒక రకంగా తేల్చుకోవచ్చు. వేగం నిలకడగా ఉన్నప్పుడు కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ అని ఒకటి పట్టుకుంటుంది, డీజిల్ ఆదా కోసం. పాడైన ఆయిల్‌లో అది గట్టిగా పట్టుకోలేక పట్టుతూ వదులుతూ ఉంటుంది. బండి గరుకు రోడ్డు మీద పోతున్నట్టు అనిపించే సన్నటి వణుకు అప్పుడే వస్తుంది. మైదుకూరు నుంచి కడప వైపు హైవే మీద, వెనకా ముందూ ఎవరూ లేని తిన్నటి చోట, వణుకు మొదలైనప్పుడు యాక్సిలరేటర్ అలాగే ఉంచి, బ్రేక్ లైట్ వెలిగేంత మాత్రం బ్రేక్ పెడల్‌ను తాకండి. బ్రేక్ తాకగానే కంప్యూటర్ లాకప్‌ను వదిలేస్తుంది. వణుకు ఆ క్షణమే పోయి, కాలు తీసిన కాసేపటికి మళ్లీ వస్తే అది లాకప్ క్లచ్‌దే. బ్రేక్ తాకినా పోకపోతే ఇంజిన్ మిస్సింగ్, ఇంజెక్టర్, టైర్ బ్యాలెన్సింగ్, లేదా నేను పైన చెప్పిన షాఫ్ట్ వైపు చూడాలి. లాకప్ వణుకు మొదట్లోనే దొరికితే సరైన ఆయిల్ మార్చగానే పోయిన బండ్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు ఆయిల్. లైఫ్‌టైమ్ ఆయిల్ అనే మాటను నమ్మొద్దు. చల్లటి రోడ్ల మీద ఖాళీగా తిరిగే బండిని మనసులో పెట్టుకుని చెప్పే మాట అది. చాలా కంపెనీల ఓనర్స్ మాన్యువల్ తెరిస్తే లోడు, ఘాట్, దుమ్ము, వేడి ఉన్న వాడకానికి వేరే షెడ్యూల్ రాసి ఉంటుంది, అది మామూలు షెడ్యూల్ కన్నా తొందరగా వస్తుంది. కడపలో ఏప్రిల్, మేలో నలభై దాటే ఎండకు, లోడుతో ఘాట్ ఎక్కే బండికి, అరవై వేల కిలోమీటర్ల దగ్గర గేర్ బాక్స్ ఆయిల్ మార్పించడమే మంచిదని నా అభిప్రాయం. మీది లక్షా అరవై వేలు దాటింది.

డిప్‌స్టిక్ లేని బాక్సులో ఆయిల్ కొలిచేందుకు పాన్ (గేర్ బాక్స్ అడుగున బిగించే ఆయిల్ పళ్లెం) దగ్గర ఒక లెవెల్ బోల్ట్ ఉంటుంది. బండిని లిఫ్ట్ మీద సమంగా నిలబెట్టి, ఇంజిన్ నడుస్తుండగా, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తూ, కంపెనీ చెప్పిన వేడికి రాగానే ఆ బోల్ట్ విప్పుతారు. సన్నటి ధారగా కారి చుక్కలుగా మారితే లెవెల్ సరిగ్గా ఉన్నట్టు. అసలు కారకపోతే తక్కువ. వేడి చూడకుండా చల్లటి బాక్స్ మీద కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వేడెక్కిన కొద్దీ ఆయిల్ ఉబ్బుతుంది. ఇంజిన్ ఆపి బోల్ట్ విప్పేవాళ్లను వెంటనే ఆపండి. ఆయిల్ తక్కువైనా ఎక్కువైనా నురుగు వస్తుంది, నురుగు ప్లేట్లను గట్టిగా నొక్కలేదు. పొద్దున్నే 'డి' పడటానికి మీ బండి తీసుకుంటున్న ఆ ఒకట్రెండు సెకన్లకు మొదటి అనుమానం తక్కువ లెవెలే. కాబట్టి బాక్స్‌కు, రేడియేటర్‌కు మధ్య వెళ్లే కూలర్ పైపుల దగ్గర, షాఫ్ట్ లోపలికి వెళ్లే వెనక సీలు దగ్గర తడి ఉందేమో ముందు చూడమనండి.

పాత ఆయిల్ కారేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయించండి. కొత్త ఆయిల్ ఎర్రగా, కొంచెం గులాబీ రంగులో ఉంటుంది. వాడిన ఆయిల్ ముదురు ఎరుపు నుంచి గోధుమ రంగుకు వస్తుంది, అంతవరకు పరవాలేదు. నల్లగా ఉండి, మాడిన వాసన ముక్కుకు తగిలితే ప్లేట్లు కాలాయని. పాలు కలిపిన రోజ్‌మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ వచ్చి కలిసిందని. అదే కనిపిస్తే ఇంక బండి ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. నీళ్లు తగిలితే ప్లేట్ల మీది లైనింగ్ ఊడిపోతుంది.

పాన్ విప్పాక లోపల అతుక్కుని ఉన్న అయస్కాంతాలను మీ చేత్తో తుడిచి చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటుంది. దాన్ని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రుద్దితే నున్నగా, గ్రాఫైట్ పొడి లాగా జారిపోవాలి. లక్షా అరవై వేల కిలోమీటర్ల బండికి ఆ ముద్ద సహజం, దాన్ని చూపించి భయపెట్టేవాళ్లను పట్టించుకోవద్దు. వేలికి గుచ్చుకునే ముక్కలు, మెరిసే రేకులు తగిలితే గేర్లో బేరింగులో అరుగుతున్నాయి. పాన్ అడుగున నల్లటి నూలు పోగుల్లాంటి చెత్త బాగా ఉంటే క్లచ్ లైనింగ్ ఊడి కిందికి వచ్చింది. మీ బాక్స్ భవిష్యత్తు ఏమిటో నిజంగా చెప్పేది ఈ పాన్‌లోని చెత్తే. ఫొటో తీసి పెట్టుకోండి, రెండో మెకానిక్‌ను అడగాల్సి వస్తే పనికొస్తుంది.

ఏ ఆయిల్ పోయాలన్నది మీ ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. అదే పోయించండి, లేదా డబ్బా మీద ఆ గ్రేడు పేరు స్పష్టంగా ఉన్నది పోయించండి. అన్ని ఏటీఎఫ్‌లూ (ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిళ్లు) ఒకటే అన్నా, పవర్ స్టీరింగ్‌లో పోసేదే ఇందులోనూ పోస్తాం అన్నా ఒప్పుకోవద్దు. ఒక్కో ఆయిల్‌కు ప్లేట్లు పట్టుకునే గుణం ఒక్కో రకంగా ఉంటుంది, తప్పు ఆయిల్ పోస్తే లేని వణుకు కొత్తగా వస్తుంది. మాన్యువల్ గేర్ బాక్సులో పోసే 90 నంబర్ ఆయిల్ పోస్తే బాక్స్ కథ అక్కడితో ముగిసినట్టే. డబ్బా సీలు మీ ఎదుటే విప్పించండి.

పాన్ విప్పి కారిస్తే మొత్తం ఆయిల్ రాదు, దాదాపు మూడో వంతు నుంచి సగం వరకే వస్తుంది. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అందుకే ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లు ఖాళీగా తిప్పి, మళ్లీ మార్చి, అవసరమైతే మూడోసారీ మార్చడం మేలు. ఫిల్టర్ మొదటిసారే మార్చించండి. మెషిన్ పెట్టి ప్రెషర్‌తో ఒక్కసారే ఫ్లష్ చేస్తామంటే మీ బండికి వద్దు. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త ఆ తోపుకు లేచి వాల్వ్ బాడీ (సొలినాయిడ్లు కూర్చునే, ఆయిల్ దారులున్న దిమ్మె) సందుల్లో ఇరుక్కోవచ్చు. ఆయిల్ మారిస్తే పాత బాక్స్ పోతుందనే భయం పుట్టింది ఇలాంటి ఫ్లష్‌ల నుంచి, ఇంకా అప్పటికే ప్లేట్లు అరిగిపోయి చివరి దశలో ఆయిల్ మార్చించుకున్న బండ్ల నుంచి. మీ రెండో మెకానిక్ అలాంటివి చూసే ఆ మాట అని ఉంటాడు. అందుకే చెబుతున్నాను, పాన్‌లో నల్లటి లైనింగ్ కుప్పగా కనిపిస్తే కొత్త ఆయిల్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కనిపించకపోతే మారిస్తే లాభమే.

ఆయిల్ మార్చాక ఇంకో చిన్న పని ఉంది, చాలామంది మర్చిపోతారు. ఇన్నేళ్లూ పాత ఆయిల్‌కు తగ్గట్టు ప్రెషర్ పెంచుతూ తగ్గిస్తూ కంప్యూటర్ అలవాటు పడి ఉంటుంది. ఆ నేర్చుకున్న లెక్కలను స్కానర్‌తో రీసెట్ చేయించాలి. తర్వాత కొన్ని రోజులు యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కుతూ, అన్ని గేర్లూ పడేలా నడపాలి. మొదటి రోజే గేర్లు అటూ ఇటూగా పడితే కంగారు పడొద్దు.

ఇక వేడి. గేర్ బాక్స్ ఆయిల్ మామూలుగా ఎనభై నుంచి తొంభై అయిదు డిగ్రీల మధ్య పనిచేస్తుంది. నూట ఇరవై దాటితే జిగురుగా మారడం మొదలవుతుంది, ఇంకా పైకి పోతే సీళ్లు గట్టిపడతాయి, ప్లేట్లు మాడతాయి. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని మెకానిక్‌లు ఒక లెక్కగా చెప్పుకుంటారు. మీ బండి రేడియేటర్ ముందు భాగం టార్చ్ వేసి చూడండి. పసుపు కళ్లాల దుమ్ము, ఎర్రగడ్డల పొట్టు, పురుగులు ఏసీ కండెన్సర్‌కు రేడియేటర్‌కు మధ్య అట్ట కట్టి ఉంటాయి. ప్రెషర్ పంపుతో కాకుండా మామూలు పైపుతో, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టించండి. ప్రెషర్ పంపు పెడితే రేకులు వంగిపోతాయి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నారా? మన జిల్లాలో చాలామంది పోస్తారు. మన బోర్ల ఉప్పు నీళ్లు లోపల తెల్లటి పెంకు కడతాయి. గేర్ ఆయిల్ చల్లబడే కూలర్ చాలా బండ్లలో ఆ రేడియేటర్ లోపలే ఉంటుంది. పెంకు కడితే ఆయిల్ చల్లబడదు, తుప్పు పట్టి చిల్లు పడితే నేను పైన చెప్పిన రోజ్‌మిల్క్ రంగే. మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించండి.

బాక్స్ బాగైన తర్వాత కూడా ఘాట్ మీద 'డి'లోనే వదిలేసి తొక్కొద్దు. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి కింది గేర్‌లో పట్టుకుని ఎక్కండి. పైకీ కిందికీ గేర్లు ఊగిసలాడటం ఆగితేనే వేడి తగ్గుతుంది. లారీల వెనక ఎత్తు మీద ఆగాల్సి వస్తే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేక్ తొక్కి నిలబెట్టండి. యాక్సిలరేటర్‌తో నిలబెట్టిన ప్రతి నిమిషం కన్వర్టర్ ఆయిల్‌ను ఉడికిస్తుంది. దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వేసేవాళ్లున్నారు, ఆ అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. ఆ మలుపుల్లో ఇంజిన్ బ్రేకింగ్ లేకపోతే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అక్కడ ఎన్ని బండ్లు లోయలోకి పోయాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు. ఆగగానే ఇంజిన్ ఆపేయకుండా 'పి'లో వేసి కాసేపు నడవనివ్వండి, ఆయిల్ కూలర్ గుండా తిరిగి చల్లబడుతుంది.

ఒక మాట కటువుగా చెప్పాల్సి వస్తోంది, ఏమీ అనుకోవద్దు. వి-క్రాస్ వెనక పెద్ద ట్రే ఉన్నా అది మనుషులు తిరగడానికి సొంత వాహనంగా రిజిస్టర్ అయ్యే బండి. మన శ్రీసిటీలోనే బండ్లు తయారుచేసే ఇదే కంపెనీకి సరుకు మోయడానికి వేరే పికప్పులున్నాయి. ట్రే నిండా ఎర్రగడ్డల మూటలు వేసి ఘాట్ ఎక్కించడం దాని పని కాదు. ఆర్‌సీలో, మాన్యువల్‌లో రాసిన మొత్తం బరువు చూడండి, అందులోంచి బండి బరువు, మనుషుల బరువు తీసేయండి. మిగిలేది మీరు అనుకున్నదాని కన్నా చాలా తక్కువగా ఉంటుంది. ఆ హద్దులోనే వేయండి. ప్రతి వారం రాయచోటికి, మదనపల్లికి సరుకు పంపాల్సిందే అయితే దానికి కమర్షియల్ బండిని కిరాయికి పెట్టుకోవడమే గేర్ బాక్స్ రిపేర్ కన్నా చవక. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఓవర్‌లోడ్ పెద్ద తలనొప్పి అవుతుంది కూడా.

ఇవన్నీ చేశాక కూడా రెండు మూడు గేర్ల మధ్య జర్క్ ఉంటే తర్వాతి మెట్టు వాల్వ్ బాడీ, సొలినాయిడ్లు. చాలా బాక్సుల్లో పాన్ విప్పి వీటిని కింది నుంచే తీయొచ్చు, గేర్ బాక్స్ దింపనక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారుతుంటే వాల్వ్ బాడీలో అరుగుదల గానీ, లోపలి సీళ్ల లీకు గానీ అనుమానించాలి. అది మామూలు గ్యారేజీలో చేసే పని కాదు. ఆటోమేటిక్ బాక్సులు మాత్రమే విప్పేవాళ్లు బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉన్నారు, వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. స్కానర్ కోడ్లు, పాన్ ఫొటోలు, ఏ తేదీన ఏ ఆయిల్ పోశారో రాసిన బిల్లు వెంట ఉంటే వాళ్లు మిమ్మల్ని తిప్పించుకోకుండా నేరుగా విషయంలోకి వస్తారు.

పాన్‌లో లైనింగ్ కుప్ప, స్కానర్‌లో పి0730, ఆయిల్ మార్చినా ఆగని జారుడు, ఈ మూడూ కలిసి కనిపిస్తే అప్పుడు బాక్స్ దింపించండి. అప్పుడు కూడా నా ఓటు సెకండ్‌హ్యాండ్ బాక్స్‌కు కాదు, మీ బాక్స్‌నే విప్పి ప్లేట్లు, సీళ్లు, కన్వర్టర్ మార్పించడానికే. సెకండ్‌హ్యాండ్ బాక్స్ ఏ బండి నుంచి వచ్చిందో, అది ఎన్ని ఘాట్లు ఎక్కిందో ఎవరికీ తెలియదు. మీ కంప్యూటర్‌తో అది సరిపోవాలి కూడా. ఏది చేయించినా పాత కూలర్‌ను, పైపులను శుభ్రం చేయించకుండా, వీలైతే కూలర్‌నే మార్పించకుండా బండి బయటికి తేవొద్దు. పాత బాక్స్ ఇనుప రజను అందులో దాక్కుని ఉంటుంది, కొత్త బాక్స్‌లోకి మొదటి రోజే వెళ్తుంది. బిల్లులో కూలర్ ఫ్లష్ అని రాసి ఉందో లేదో చూసుకోండి.

దారిలో బండి ఒకే గేర్‌లో ఇరుక్కుని ఎంత తొక్కినా మారకపోతే కంప్యూటర్ బాక్స్‌ను కాపాడుకోవడానికి సేఫ్ మోడ్‌లోకి వెళ్లిందని అర్థం. నెమ్మదిగా పక్కకు తీసి ఆపండి. ట్రాక్టర్‌కు తాడు కట్టి లాక్కొచ్చే పని మాత్రం పెట్టుకోవద్దు. ఇంజిన్ ఆగి ఉంటే బాక్స్ లోపలి పంపు తిరగదు, చక్రాలు తిరుగుతుంటే గేర్లు ఆయిల్ లేకుండా ఎండగా అరుగుతాయి. నాలుగు చక్రాలూ నేలను తాకకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించుకునే తీసుకెళ్లాలి.

అమ్మాలా అని అడిగారు. జర్క్ ఉన్న ఆటోమేటిక్‌ను ఇప్పుడు అమ్మితే కొనేవాడు గేర్ బాక్స్ మొత్తం ఖర్చును రేటులోంచి కోస్తాడు, జబ్బు ఒక క్రాస్‌దో అయిదారు లీటర్ల ఆయిల్‌దో అయినా సరే. ముందు షాఫ్ట్, మౌంటింగులు, బ్యాటరీ చూపించండి, స్కాన్ చేయించండి, ఆయిల్ మార్చి పాన్ చూడండి. ఆ ఫలితాలు, కోడ్ల నంబర్లతో సహా రాసి పంపండి. అమ్మడమా ఉంచుకోవడమా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.